రైతు భరోసా పైసలు: చిన్న రైతు ఇంట్లో ఏం మారింది, ఏం మారలేదు

పంట పెట్టుబడికి సర్కారు నేరుగా రైతుకు పైసలిచ్చే పద్ధతి మన రాష్ట్రంలో కరీంనగర్ జిల్లాలోనే మొదలైంది. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గరి శాలపల్లి–ఇందిరానగర్‌లో రైతుబంధు తొలి చెక్కులు పంచారు. అప్పుడు ఎకరానికి ఒక పంటకు 4,000 రూపాయలు. ఆ ఏడాది యాసంగి నుంచి చెక్కులు పోయి డబ్బు ఖాతాల్లో పడడం మొదలైంది. 2019 వానాకాలం నుంచి 5,000 అయింది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో 6,000 ఇస్తున్నారు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ దీనికి అదనం. అది ఏడాదికి 6,000, విడతకు 2,000.

"ఈ పైసలతో మా బతుకు మారినట్టేనా సారూ?" అని రైతు వేదికలో అడిగేవారున్నారు. "పైసలిచ్చి రైతులను సోమరులను చేస్తున్నారు" అనేవారూ ఉన్నారు. ఈ రెండో మాట అనేవారిలో నాగలి పట్టినవారు నాకు పెద్దగా కనబడలేదు. మొదటి ప్రశ్నకు మాత్రం లెక్క వేసి జవాబు చెప్పాలి.

బోథ్ వైపు రెండున్నర ఎకరాల్లో పత్తి వేసే ఒక కుటుంబం ఉందనుకుందాం. వానాకాలం భరోసా 15,000 వస్తుంది. బీజీ-2 విత్తనం ప్యాకెట్ ధర 2025లో 901 రూపాయలు. ఎకరానికి రెండు చొప్పున ఐదు ప్యాకెట్లకు 4,505. డీఏపీ బస్తా 1,350 లెక్కన మూడు బస్తాలకు 4,050. రెండూ కలిపి 8,555. దుక్కి, కలుపు, పురుగు మందులు, పత్తి ఏరే కూలీ కలిపితే ఖర్చు దీనికి ఎన్నో రెట్లు అవుతుంది. సాగు మొత్తం ఈ పైసలతో గడవదు. కానీ విత్తే నాటికి ఇంట్లో ఉండాల్సిన విత్తనానికి, అడుగు మందుకు సరిపోయి ఇంకా కొంత మిగులుతుంది.

ఇదే సరుకు ఉద్దెర తెస్తే ఏమవుతుంది? నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి అయితే ఆరు నెలలకు 1,540 రూపాయలు. ఇది కనబడే నష్టం. కనబడనిది పంట అమ్మేటప్పుడు వస్తుంది. ఉద్దెర ఇచ్చిన వ్యాపారికే పత్తి వేయాలనేది చాలా ఊళ్లలో నోటిమాటగా నడిచే కట్టుబాటు. పత్తి ఏరిన రెండో రోజే అతని బండి ఇంటి ముందు ఉంటుంది. సీసీఐ 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆ పైన కోత పెట్టి, 12 శాతం దాటితే అసలు కొనదు. నాలుగు రోజులు ఆరబెట్టుకుంటే 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 వచ్చే చోట, బాకీ ఉన్న రైతుకు ఆ నాలుగు రోజులు ఆగే వీలే ఉండదు. ఎకరానికి ఆరు క్వింటాళ్ల లెక్కన 15 క్వింటాళ్లు పండిందనుకోండి. క్వింటాలుకు 500 తగ్గినా 7,500 పోయినట్టే. వచ్చిన భరోసాలో సగం.

విత్తనం సంగతీ అంతే. ఉద్దెర అడిగిన రైతుకు దుకాణంలో ఏది అంటగడితే అదే రకం. బిల్లు అడగడానికి మొహమాటం. మొలక రాకపోతే పరిహారానికి ఆ బిల్లే ఆధారం. నగదు పెట్టి కొనే రైతు ప్యాకెట్ మీద లాట్ నంబర్ చూస్తాడు, బిల్లు తీసుకుంటాడు, ఖాళీ ప్యాకెట్ దాచుకుంటాడు. ఆదిలాబాద్ పల్లెల్లో లూజుగా తిరిగే నకిలీ పత్తి గింజలకు ఎక్కువగా బలయ్యేది చేతిలో పైసలు లేనివారే. అందుకే నా లెక్కలో ఈ 15,000 విలువ దుకాణం ముందు, మార్కెట్ యార్డులో తేలుతుంది.

అయితే ఇదంతా పైసలు మిర్గానికి ముందు పడితేనే. 2025 వానాకాలం భరోసా జూన్ నెలలో, జరిగిన వేగం మెచ్చుకోవాల్సినంతగా, తొమ్మిది రోజుల్లో పడింది. దానికి ముందటి యాసంగి పైసలు జనవరి 26న మొదలై, ముందు ఎకరం లోపు వారికి, తర్వాత రెండెకరాల వారికి అంటూ విడతలుగా వచ్చాయి. ఆ సరికి కాలువ కింద కరీంనగర్‌లో చాలా మంది నాట్లు వేసేశారు. ఆ పైసలు పెట్టుబడి కాలేదు, అప్పటికే తెచ్చిన అప్పుకు పోయాయి. కాబట్టి రైతులు ఖాతాలో పడే తేదీని నమ్ముకోవద్దు. యాసంగి వడ్ల పైసలు చేతికొచ్చినప్పుడే వానాకాలం విత్తనానికి నాలుగైదు వేలు పక్కన పెట్టండి. భరోసా వచ్చాక ఆ మొత్తం మళ్లీ అక్కడే వేసుకోవచ్చు.

ఇంట్లో ఎవరి చేతికి వస్తున్నాయన్నది ఇంకో సంగతి. పట్టా ఎక్కువగా మగవారి పేరు మీదే ఉంటుంది, పైసలూ అక్కడికే. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ ఇళ్లలో బీడీ కార్మికురాలికి నెలకు వచ్చే 2,016 పింఛను మాత్రం ఆమెదే. ఎకరం లెక్కన చూస్తే చిన్న మొత్తమే. కానీ నెలనెలా వస్తుంది కనుక కిరాణా బాకీ పెరగకుండా, పిల్లల ఫీజు ఆగకుండా చూసేది అదే. 2011లో మొదలుపెట్టి మధ్యప్రదేశ్ పల్లెల్లో సేవా సంస్థ, యునిసెఫ్ కలిసి ఇంట్లో ప్రతి ఒక్కరికీ నెలనెలా నగదు ఇచ్చి చూశాయి. మొదట పెద్దవారికి 200, పిల్లలకు 100. ఆ ఇళ్లలో తిండి మెరుగైంది, మేకలు, గేదెలు కొన్నారు, అప్పు తగ్గింది. తాగుడుకు పోతాయన్న భయం నిజం కాలేదు.

ఏజెన్సీ రైతులకు ఒక జాగ్రత్త. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలయ్యాక కొత్తగా చాలా మంది ఈ లెక్కలోకి వచ్చారు. బ్యాంకు దూరం కావడంతో ఊళ్లోకి వచ్చే ఏజెంటు మిషన్ మీద వేలిముద్ర వేసి తీసుకుంటున్నారు. "పడలేదు, మళ్లీ వేలు పెట్టు" అంటే ముందు మొదటిసారి వేసినదాని రసీదు అడగండి. ప్రతిసారీ చీటీ తీసుకోండి. బ్యాంకు పాత పంట రుణం కింద ఈ పైసలు పట్టుకుంటే మేనేజర్‌కు కాగితం రాసిచ్చి, ఒక ప్రతి మండల వ్యవసాయ అధికారికి ఇవ్వండి. పట్టుకోవద్దని ప్రభుత్వం రైతుబంధు కాలం నుంచీ బ్యాంకులకు చెబుతూనే ఉంది.

ఇక కౌలు రైతు. పట్టాదారు దుబాయిలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు, భరోసా ఆయన ఖాతాలో పడుతుంది. ఎండలో నిలబడి మందు కొట్టేవాడికి రూపాయి రాదు, కౌలు కూడా తగ్గదు. ఈ పథకాల్లో పెద్ద లోపం ఇదేనని నా అభిప్రాయం. చట్టం సంగతి ప్రభుత్వం చూడాలి. మీ చేతిలో ఉన్నది ఉగాదికి కౌలు మాట్లాడే రోజు. "భరోసా మీకు వస్తోంది, అందులో సగం కౌలులో తగ్గించండి" అని నలుగురి ముందు అడగండి. పంటల నమోదుకు ఏఈఓ వచ్చినప్పుడు సాగు చేస్తున్నది మీరేనని చెప్పి రాయించుకోండి.

రైతు బీమా కూడా పట్టాదారుకే. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. నామినీగా రాసినవారు బతికి ఉన్నారా, ఆధార్‌లో పేరు సరిగా ఉందా అని పట్టా ఉన్న ప్రతి ఇల్లూ చూసుకోవాలి. కౌలు రైతు భార్యకు ఈ రక్షణ లేదు. కాబట్టి 50 ఏళ్ల లోపు కౌలుదారులు, కూలీలు తమ బ్యాంకులో జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436, ప్రమాద బీమాకు 20 కట్టే ఫారాలు నింపండి. ఒక్కోదానికి 2 లక్షల రక్షణ ఉంటుంది. ఆ డబ్బు మే నెలాఖరులో ఖాతా నుంచే కోసుకుంటారు. మే 25 నాటికి ఖాతాలో 456 రూపాయలు ఉండేలా చూసుకోండి.