మూడో బిడ్డకు చట్టం, పొగగొట్టానికి గడువు

"జనం పెరిగారు, కాలుష్యమూ పెరిగింది" అన్న మాట విశాఖ దగ్గరి పెందుర్తిలో టీ కొట్టు నుంచి సభావేదిక దాకా చెలామణీ అవుతోంది. ఈ మాట ఊపిరాడక దగ్గుతున్నవాణ్ణే దోషిగా నిలబెడుతుంది. దీన్ని ఒప్పుకోకూడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టేది 1.7 మంది. జనాభా తగ్గకుండా ఉండాలంటేనే 2.1 కావాలి. కనడం మనవాళ్లు ఎప్పుడో తగ్గించారు. పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం మాత్రం 2002లో ఉన్న వెయ్యి మెగావాట్ల నుంచి 2012 నాటికి రెండు వేలకు చేరింది.

జనానికి కరెంటు అక్కర్లేదా అంటారు. కావాలి. కరెంటు అడిగినవాడు గంధకపు పొగ అడగలేదు. ఆ పొగను కడిగే యంత్రాలున్నాయి. ఉన్నా చాలా చోట్ల పెట్టించలేదు, అదీ నేరం.

1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని పోటీకి అనర్హుల్ని చేసింది. మూడో కాన్పు అయితే సర్పంచ్ నామినేషన్ చెల్లేది కాదు. 2024 నవంబరులో రద్దయ్యేదాకా ఆ నిబంధన ముప్పై ఏళ్లు నడిచింది. మరి థర్మల్ కేంద్రాల సంగతి? గంధకపు పొగను రెండేళ్లలో అదుపు చేయాలని 2015 డిసెంబరులో కేంద్రం ఆదేశించింది. గడువు పెంచారు, మళ్లీ పెంచారు. 2025 జులైలో చాలా కేంద్రాలకు ఆ యంత్రాలే అక్కర్లేదన్నారు.

అనుమతుల సంగతీ అంతే. గోపాలపట్నం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్, చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తనకు లేదని 2019 మేలో తానే అఫిడవిట్ ఇచ్చింది. అయినా ఫ్యాక్టరీ నడిచింది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి నుంచి లీకైన స్టైరీన్ విషపు ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసింది. సైరన్ మోగలేదు. పన్నెండు మంది చనిపోయారు. వాళ్లను జనాభా చంపిందా?

తప్పు తలల సంఖ్యది కాదు, పొగదని వాతావరణ శాస్త్రమూ చెబుతుంది. భూమి వేడెక్కేది గాలిలోకి వదిలిన కార్బన్‌ను బట్టి. ఏడాదికి సగటు భారతీయుడి వాటా సుమారు 2 టన్నులు, అమెరికన్‌ది సుమారు 14. తలలు లెక్కపెడితే ఈ తేడా కనబడదు.

ప్రతి పొగగొట్టం మీటరు రీడింగు ఏ రోజుకారోజు పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో పెట్టండి. అనుమతి లేని ఫ్యాక్టరీని ఒక్క షిఫ్టు కూడా నడవనివ్వకండి. గడువు దాటితే మూసేయండి. తల్లుల మీద చూపిన కాఠిన్యం కంపెనీల మీద చూపేదాకా, మన పిల్లల్ని లెక్కపెట్టే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.