పదిహేడేళ్ళకే తేల్చుకోవాలట

మూడేళ్ళ కిందట మా అమ్మ తెనాలి నుంచి ఫోన్లో అడిగింది, "చంటిది కాలేజీలో ఏం చదువుతానంటోందిరా?" అని.

"బిజినెస్ అంటోందమ్మా."

"అంటే?"

"మన బీకాం లాంటిదే అనుకో."

అవతల కాసేపు చప్పుడు లేదు. "బీకాం కోసం అమెరికాలో అంత ఫీజు కడతావట్రా? ఇక్కడ ఏ సీటూ రానివాళ్ళు కదా అందులో చేరేది!"

నవ్వకండి. మా రోజుల్లో నిజంగా అంతే. నాకైతే బీకాం చదవాలని ఉండేది. మా నాన్న బట్టల కొట్లో గుమాస్తా. రాత్రిళ్ళు చిట్టా, ఆవర్జా ఇంటికి తెచ్చుకుంటే పక్కన కూర్చుని మొత్తాలు సరిచూసేవాణ్ణి. పైసా తేడా దొరికితే పండగే. కానీ 1992లో ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. ర్యాంకు వచ్చినవాడు బీకాం చదవడమేమిటి? నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నోరు తెరవలేదు. ఇప్పుడు పాతికేళ్ళుగా న్యూజెర్సీలో కూర్చుని కంపెనీలకి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెడుతున్నాను. చుట్టూ తిరిగి ఆవర్జా దగ్గరికే వచ్చానన్నమాట.

అందుకే ఊరెళ్ళినప్పుడల్లా ఒక గొప్ప చెప్పేవాణ్ణి. "అమెరికాలో పదిహేడేళ్ళకే తలరాత రాసెయ్యరు, కాలేజీలో చేరాక రెండేళ్ళు అన్నీ రుచి చూసి అప్పుడు తేల్చుకోవచ్చు" అని. మా అమ్మాయి వంతు వచ్చేదాకా ఆ మాట నిజమనే అనుకున్నాను. బిజినెస్ విషయంలో మాత్రం అది నిజం కాకుండా పోతోంది.

పెన్సిల్వేనియాలోని వార్టన్ సంగతి సరే. 1881 నుంచి ఉన్న స్కూలది, అక్కడ మొదటి ఏడాదికే పిల్లల్ని నేరుగా బిజినెస్‌లోకి తీసుకుంటారు. నేను చెప్పేది మిగతావాటి గురించి. బర్క్లీలోని హాస్‌లో చాలాకాలం రెండేళ్ళు యూనివర్సిటీలో చదివాకే బిజినెస్‌కి అప్లై చేసేవారు. 2022లో ఒక పూర్వవిద్యార్థి కుటుంబం మూడు కోట్ల డాలర్లు ఇవ్వడంతో దాన్ని నాలుగేళ్ళ చదువు చేశారు, 2024 నుంచి హైస్కూలు పిల్లల్నే నేరుగా తీసుకుంటున్నారు. మిషిగన్‌లోని రాస్ అంతకంటే ముందే, 2017లో, ఇదే దారి పట్టింది. అంతకుముందు అక్కడ మొదటి ఏడాది మార్కులు చూశాకే చాలామందిని తీసుకునేవారు.

ఎందుకిలా అంటే వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. వార్టన్‌లో సీటు చేతిలో ఉన్న పిల్ల "మా దగ్గరికి రా, రెండేళ్ళయ్యాక చూద్దాం" అంటే ఎందుకొస్తుంది? రెండోది, ఈ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు. మూడో ఏడాది తరవాత వేసవిలో చేసే ఇంటర్న్‌షిప్‌కి ఏడాది ముందే, రెండో ఏడాదిలోనే, పిల్లల్ని ఎంచుకుంటున్నాయి. మూడో ఏడాదిలో బిజినెస్‌లో అడుగుపెట్టేవాడికి బస్సు అప్పటికే వెళ్ళిపోయుంటుంది. బ్యాంకుల తొందర కాలేజీకి పాకింది, కాలేజీది హైస్కూలుకి పాకింది. అక్కణ్ణుంచి మా ఇంటికొచ్చింది.

మా ఇంటికెలా వచ్చిందంటే, ఒక కౌన్సిలర్ రూపంలో. మనవాళ్ళందరూ వెళ్తున్నారని మేమూ వెళ్ళాం (ఫీజు చెప్పను, మా అమ్మ చదువుతుంది). మా అమ్మాయి వ్యాసానికి రాసుకున్న విషయం ఇది. మా తెలుగు సంఘం ఉగాది వేడుకలో మిరపకాయ బజ్జీల కౌంటర్ దగ్గర డబ్బు పెట్టె తనే చూసుకునేది. ఒక ఏడాది నూనె, హాలు అద్దె, సాయంత్రం మిగిలిపోయి పారేసినవీ అన్నీ కలిపి లెక్కేస్తే ప్లేటుకింతని నష్టం తేలింది. కార్యదర్శిగారికి చెబితే ఆయన చిన్నబుచ్చుకున్నారు. మరుసటి ఏడాది మాత్రం ముందుగా కూపన్లు అమ్మారు.

నాకది చదివితే మా నాన్న గుర్తొచ్చారు. కౌన్సిలర్ మాత్రం "చాలా చిన్న విషయం, లీడర్‌షిప్ కనబడటం లేదు, ఒక నాన్‌ప్రాఫిట్ మొదలుపెట్టించండి" అంది. నేనేం చేశానంటారు? వెబ్‌సైట్ పేరు కొన్నాను! పేద పిల్లలకి డబ్బు పాఠాలు చెప్పే సంస్థట, వ్యవస్థాపకురాలు మా అమ్మాయట. లోగో కూడా నేనే గీశాను. రెండు వారాలయ్యాక తనే అడిగింది, "డాడీ, ఇది మనం చేస్తున్నట్టు నటించడమే కదా?" అని. ఆ సంస్థ అక్కడితో ఆగింది. వ్యాసంలో బజ్జీలే ఉన్నాయి. నాకు మాత్రం ఆ ప్రశ్న ఇంకా మానలేదు.

పదిహేడేళ్ళ పిల్లని బిజినెస్‌కి తగినదేనా అని అడిగితే వచ్చే జవాబులు ఇలాంటివే. బ్యాలెన్స్ షీట్ ఎప్పుడూ చూడని పిల్ల ఏం చూపించగలదు? అమ్మానాన్నల చొరవనే చూపిస్తుంది.

ఫలితాలొచ్చాయి. రెండుచోట్ల కాదన్నారు. అంత పేరులేని ఒకచోట నేరుగా బిజినెస్‌లోకే రమ్మన్నారు. పేరున్న ఇంకోచోట యూనివర్సిటీలోకి రమ్మన్నారు గానీ బిజినెస్‌లోకి కాదు. ఈ మెలిక మనవాళ్ళకి ఓ పట్టాన అర్థం కాదు. టెక్సస్‌లో ఉండే నా స్నేహితుడికీ కాలేదు. అక్కడ 1997లో చేసిన చట్టం ప్రకారం హైస్కూల్లో మంచి ర్యాంకుంటే స్టేట్ యూనివర్సిటీలో సీటు ఖాయం. ఆస్టిన్‌లో మాత్రం ఆ గీత బాగా బిగిసి, 2026లో చేరేవాళ్ళకి మొదటి 5 శాతానికి వచ్చింది. అయితే ఖాయమయ్యేది యూనివర్సిటీయే, అందులోని మెకూమ్స్ బిజినెస్ స్కూలు కాదు. గుడి గేటు దాటినంత మాత్రాన గర్భగుడిలోకి రానిస్తారా?

మా ఆవిడ పేరులేనిదానికే వెళ్దామంది. నేను పేరు చూశాను. "లోపలికి వెళ్ళాక మారొచ్చులే" అని మే 1 లోపు డిపాజిట్ కట్టేశాను. మారడానికి నియమాలేమిటో చదివింది ఆ తరవాత.

2023లో చేరింది. ఆ మొదటి ఏడాది మళ్ళీ ఇంటర్మీడియెటే. కాల్క్యులస్‌లో, ఎకనామిక్స్‌లో ఏ గ్రేడు తగ్గితే లోపలి తలుపు మూసుకుంటుందని భయం. తనకెంతో ఇష్టమైన ఖగోళశాస్త్రం కోర్సులో చేరి, మార్కులు పోతాయని రెండో వారంలో వదిలేసింది. ఒకే గదిలో ఉన్న ఇద్దరు పిల్లలూ అదే తలుపుకి క్యూ కట్టారు, నోట్సు ఇచ్చిపుచ్చుకునేవారు కాదట. చివరికి తనకి రాలేదు.

"చూశావా, పదిహేడుకే తేలిపోతే ఈ ఏడుపు ఉండేది కాదుగా" అంటుంది మా ఆవిడ. ఆమె మాటని నేను కొట్టిపారెయ్యలేను. నాలుగేళ్ళు నిశ్చింతగా చదువుకోవడం చిన్న సుఖం కాదు. అయినా నాకు ఒప్పుదల కాదు. తప్పు ఆలస్యంగా ఎంచుకోవడంలో లేదు, సీట్లు లెక్కపెట్టి గీత గియ్యడంలో ఉంది. ఫలానా నాలుగు కోర్సులు ఇన్ని మార్కులతో పాసైనవాళ్ళందరికీ తలుపు తెరవండి, చాలకపోతే సెక్షన్లు పెంచండి. అంతేసి ఫీజు వసూలు చేసేవాళ్ళకి ఇంకో ఇద్దరు అకౌంటింగ్ పంతుళ్ళు దొరకరా?

వాళ్ళు నా మాట వినరని తెలుసు. కాబట్టి ఈ ఏడు అప్లై చేసే పిల్లలున్న మీకే చెబుతున్నాను. ర్యాంకింగ్ పట్టిక పక్కన పెట్టి రెండు ప్రశ్నలడగండి. బిజినెస్‌లో సీటు రాకపోతే మా పిల్ల అక్కడ ఏం చదువుతుంది? సీటొచ్చాక వద్దనిపిస్తే ఎటు పోగలదు? రెండో ప్రశ్న ఎవరూ అడగరు. జవాబు యూనివర్సిటీ వాళ్ళ దగ్గర్నుంచే రాబట్టండి, వాట్సాప్ గుంపులో కాదు. అదీ డిపాజిట్ కట్టకముందు.

మా అమ్మాయి ఇప్పుడు ఎకనామిక్స్ చదువుతోంది. బాగానే ఉన్నానంటుంది. కిందటి సెమిస్టర్‌లో, అడక్కుండానే, ఖగోళశాస్త్రం మళ్ళీ తీసుకుంది. బి వచ్చిందట. ఫోన్లో ఆ మాట నవ్వుతూ చెప్పింది. మా అమ్మకి మాత్రం ఇప్పటికీ బీకామే అని చెబుతున్నాం.