అమ్మకానికి పెట్టింది ఎవరి బతుకు?

ఆ మధ్య ఒక ఫిల్మ్ సొసైటీలో ఆంద్జేయ్ వైదా తీసిన 'ఎవ్రీథింగ్ ఫర్ సేల్' వేశారు. సినిమాకి ముందు ఒక పెద్దాయన పావుగంట మాట్లాడారు. అంతా జ్బిగ్నియెవ్ సిబుల్‌స్కీ గురించే. 'యాషెస్ అండ్ డైమండ్స్' (1958)లో ఆ నల్ల కళ్ళద్దాలు, 1967 జనవరిలో వ్రోత్స్వాఫ్ స్టేషన్‌లో కదులుతున్న రైలు ఎక్కబోయి జారిపడిన ఆ చావు, 39 ఏళ్ళకే ఆరిపోయిన ఆ ప్రతిభ. ఆయన మరణమే ఈ సినిమాకి మూలం, కాదనను. కానీ సినిమాలో సిబుల్‌స్కీ లేడు. మాయమైపోయిన నటుడి కోసం వెతికేవాళ్ళే ఉన్నారు. అందులో ఆ నటుడి భార్యగా వేసిన ఎల్జ్‌బియెతా చిజెవ్‌స్కా గురించి పెద్దాయన చెప్పింది ఒకే ఒక్క వాక్యం. "అమెరికా విలేకరిని పెళ్ళి చేసుకుని కెరీర్ పాడుచేసుకుంది, పాపం."

ఆ 'పాపం' దగ్గరే నాకు ఒళ్ళు మండింది. మగనటుడు కాలు జారి రైలు కింద పడితే విధి. ఆడనటి దేశం దాటితే స్వయంకృతం!

చిజెవ్‌స్కా 1938లో వార్సాలో పుట్టింది. తండ్రిని యుద్ధం తీసుకుపోయింది. పోషించే దారిలేక తల్లి ఆమెని అనాథాశ్రమంలో ఉంచింది. అక్కణ్ణించి నాటక విద్యాలయానికీ, వార్సా రంగస్థలానికీ, 1960ల మొదట్లో పోలిష్ సినిమాలో అందరికీ తెలిసిన ముఖంగానూ ఎదిగింది. 'జుసెప్పె ఇన్ వార్సా' (1964) అనే హాస్యచిత్రం ఒకటుంది. అందులో జర్మన్ ఆక్రమణకి వ్యతిరేకంగా రహస్యంగా పోరాడే అమ్మాయి ఆమె. ఈ గొడవలన్నీ నాకెందుకని ఇంటిపట్టున ఉండాలనుకునే చిత్రకారుడు ఆమె సోదరుడు. ఆ సోదరుడి పాత్ర వేసింది ఎవరనుకున్నారు? సిబుల్‌స్కీయే. తర్వాతి ఏడాది 'సరగోసా మాన్యుస్క్రిప్ట్'లోనూ ఇద్దరూ ఉన్నారు. అంటే ఆమె ఎవరి నీడలోనో నిలబడ్డ నటి కాదు. పక్కన నిలబడిన నటి.

1965లో డేవిడ్ హాల్బర్‌స్టామ్‌ని పెళ్ళి చేసుకుంది. వియత్నాం వార్తలకి అంతకుముందు ఏడాదే పులిట్జర్ అందుకుని, న్యూయార్క్ టైమ్స్ తరఫున వార్సాలో ఉన్న విలేకరి ఆయన. ఏడాది తిరక్కుండానే పోలండ్ ప్రభుత్వం, తనని విమర్శిస్తూ రాసినందుకు, ఆయన్ని వెళ్ళగొట్టింది. ఆయన వెనక ఆమే వెళ్ళింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇద్దరూ ఒకే దేశం వదిలారు. ఇద్దరూ కోల్పోయింది ఒకటేనా? ఆయన పనిముట్టు ఇంగ్లీషు. తన భాష మాట్లాడే ఊరికే ఆయన తిరిగి వెళ్ళాడు. 1972లో 'ది బెస్ట్ అండ్ ది బ్రైటెస్ట్' రాసి మరింత పెద్దవాడయ్యాడు. ఆమె పనిముట్టు పోలిష్ భాష, ఆ ఉచ్చారణ, ఆ ప్రేక్షకులు. అవి సూట్‌కేసులో పట్టేవి కావు. దీన్ని 'ప్రేమ కోసం త్యాగం' అని రాసే వాళ్ళ మీద నాకు జాలి కూడా లేదు. ఇది ఒక శ్రామికురాలి చేతిలోంచి పనిముట్టు జారిపోవడం.

1968లో వైదా పిలిస్తే, ఈ సినిమా కోసమే వెనక్కి వచ్చింది. పోలండ్‌లో యూదు వ్యతిరేక ప్రచారాన్ని ప్రభుత్వమే నడుపుతున్న సంవత్సరం అది. ఆ తర్వాతి మూడేళ్ళలో సుమారు 13 వేలమంది యూదులు దేశం వదలాల్సి వచ్చింది. ఆమె భర్త యూదుడు, పైగా బహిష్కృతుడు. భర్త మీద కోపం ఉన్న చోట భార్యకి చోటు ఉంటుందా? సినిమా 1969లో విడుదలైంది. పోలిష్ తెర మీద ఆమె కథ దాదాపు అక్కడితో ముగిసింది. అదే ఏడాది అమెరికాలో వచ్చిన 'పట్నీ స్వోప్' అనే సినిమాలో ఆమె వేసింది పనిమనిషి వేషం. ఆ రెండు వేషాలకీ మధ్య దూరాన్ని కొలవండి, 'పాడుచేసుకుంది' అన్న మాట ఎవరికి వర్తిస్తుందో తేలుతుంది.

1977లో విడాకులయ్యాయి. పదేళ్ళకి 'అన్నా' (1987) అనే సినిమా వచ్చింది. ఒకనాటి పెద్ద నటి, న్యూయార్క్‌లో అనామకురాలిగా బతుకుతూ, తన దేశం నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఆశ్రయమిస్తుంది. ఆ అమ్మాయి తారవుతుంది. కథకి ప్రేరణ చిజెవ్‌స్కా జీవితమేనని అందరూ అన్నదే. పోలిష్ నటిని చెక్ నటిగా మార్చి, శాలీ కర్క్‌లాండ్‌తో వేయించారు. ఆమెకి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కర్క్‌లాండ్ బాగా చేసింది, ఆమెతో నాకు తగువు లేదు. స్క్రీన్‌ప్లే రాసింది ఒక స్త్రీ, అగ్నియెష్కా హాలండ్. అది మాత్రం ముల్లులా గుచ్చుకుంటుంది. అవకాశాలు దొరకని నటి గురించి సినిమా తీస్తూ, ఆ అవకాశం ఆ నటికే దొరక్కుండా పోవడం ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదా? దుఃఖం ఆమెది, దాని మీద వచ్చిన పేరు ఇంకొకరిది.

వైదా తన సినిమాకి ఆ పేరు పెట్టింది తనని తాను నిలదీసుకోవడానికే. స్నేహితుడి చావుని కూడా సరుకు చేస్తున్నామని ఆయనకి తెలుసు. ఆ నిజాయితీని గౌరవిస్తాను. కానీ పోయినవాడి గురించి పడ్డ ఆ మథనంలో, ఎదురుగా నిలబడి నటిస్తున్న మనిషికి రేపు పని ఉంటుందా అనే ప్రశ్న రాలేదు. చచ్చిపోయినవాడు పురాణమయ్యాడు. బతికి, 72 ఏళ్ళదాకా ఆడిషన్ల కోసం తిరగాల్సిన స్త్రీకి పురాణం ఎక్కడిది? విషాదగాథ తప్ప.

ఆ విషాదగాథలో వదిలేసే సంగతి ఒకటుంది. 1990లో 'క్రోబార్' నాటకంలో నటనకి చిజెవ్‌స్కాకి ఓబీ అవార్డు వచ్చింది. న్యూయార్క్‌లో, ఇంగ్లీషులో, యాభై దాటాక. సినిమా అయ్యాక నేను లేచి ఈ మాట చెప్పాను. పెద్దాయన "అవునా, అది చిన్న నాటకాలకిచ్చే అవార్డు కదమ్మా" అని, మళ్ళీ ఆ నల్ల కళ్ళద్దాల దగ్గరికే వెళ్ళిపోయారు.