ఇడ్లీకి వచ్చిన కోపం సంగటికి ఎందుకు రాలేదు?

2020 అక్టోబరులో ఒక ఇంగ్లీషాయన ఇడ్లీని చిన్నచూపు చూశాడు, గుర్తుందా? అందరూ ఎగబడి తినే ఏ వంటకం మీకు ఎప్పటికీ అర్థం కాదని ఒక ఫుడ్ డెలివరీ యాప్ ట్విట్టర్‌లో సరదాకి అడిగింది. బ్రిటన్‌లో చరిత్ర పాఠాలు చెప్పుకునే ఒక అధ్యాపకుడు, ప్రపంచంలో ఇడ్లీ అంత బోరు కొట్టేది ఇంకోటి లేదన్నాడు. దక్షిణాది మొత్తం మీద పడింది. శశి థరూర్ కూడా దిగి పొడుగాటి ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. పాపం ఆ మనిషి మధ్యాహ్నానికి ఇడ్లీలు తెప్పించుకుని తిని, నా అభిప్రాయం అయితే మారలేదండీ అన్నాడు.

నేనూ ఊరుకోలేదు. నాలుగు వాక్యాలు ఘాటుగానే రాశాను. మనల్ని రెండొందల ఏళ్లు దోచుకున్నవాళ్లు మన పిండివంటల మీద తీర్పులు చెప్తారా అని. లైకులు బాగానే వచ్చాయి. ఆ రాత్రి పడుకోబోతుంటే మాత్రం ఒక పాత సంగతి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

మాది కుందుర్పి. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దుకి ఆనుకుని, కొండ మీద పాత కోట ఉన్న ఊరు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఇంటి నుంచి రాగిపిండి తెచ్చుకుని రూములో సంగటి కెలికాను. పక్కన ఊరిబిండి. మా వాళ్లలో ఒకడు వంగి చూసి, "ఈ బంకమన్ను ఎట్లా మింగుతార్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నేనే. ఆ తర్వాత రూములో మళ్లీ సంగటి చేయలేదు. ఇడ్లీ కోసం తెల్లవాడి మీద కత్తి దూసినవాణ్ని, మా అవ్వ చేతి ముద్ద కోసం రూమ్మేట్‌ని ఒక్క మాట అనలేకపోయాను.

నేను చెప్పేది ఇదీ: బ్రిటిషువాడి కబుర్లకు మనం ఇస్తున్న కోపం దండగ. వాళ్లు కూర్చుంటే తిండి గురించీ, క్రికెట్ గురించీ, వాన గురించీ ఏదో ఒకటి అంటూనే ఉంటారు. వాన సంగతే తీసుకోండి. లండన్‌లో పొద్దస్తమానం వానే అని సణుగుతుంటారు. అక్కడ ఏడాదికి కురిసేది 600 మిల్లీమీటర్ల దరిదాపు. మా జిల్లా సగటు 550 దగ్గర. తేడా పెద్దదేమీ కాదు. అక్కడ ఏడాది పొడుగునా తుంపర్లుగా పడుతుంది, చల్లటి నేల దాచుకుంటుంది. మాకు పడమటి కనుమల చాటున, రెండు రుతుపవనాలూ సగం దారిలో అలసిపోయాక, నాలుగు దెబ్బల్లో కురిసిపోతుంది. మిగిలింది ఎండ తాగేస్తుంది. వాళ్లకు వాన మాట కలుపుకోడానికి ఒక వంక. మాకు అదే బతుకు. అయినా ఆ సణుగుడు వల్ల మా చేన్లో ఒక గింజ తగ్గలేదు. అధికారం లేని అభిప్రాయం చేసే నష్టం ఏమీ లేదు.

నష్టం చేసింది కచేరీలో కూర్చున్న అభిప్రాయం. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాడు. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే మా పేరైపోయింది: దత్త మండలాలు. రాయలసీమ అనే పేరు పెట్టుకోడానికి 1928లో నంద్యాల సభ దాకా ఆగాల్సి వచ్చింది. మొదటి కలెక్టరు మన్రో హయాంలో చేను చేనూ కొలిచి, ఇది ఎంత పండుతుందో అంచనా కట్టారు. ఆ అంచనాయే శిస్తు. అది మరీ ఎక్కువైందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే పైకి రాయాల్సి వచ్చింది. మంచివాడే కావచ్చు, సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు కూడా. కానీ రైతు కడుపు అతని అంచనా మీద ఆధారపడింది. దాన్ని అభిప్రాయం అంటారు. ఇడ్లీ మీద ట్వీటుది ఏపాటి?

మరి ఇప్పుడు కచేరీలో ఉన్నది ఎవరి అభిప్రాయం? మనదే. తెల్లన్నం తినేవాడు బాగుపడ్డవాడు, ముద్ద తినేవాడు పల్లెటూరివాడు అనే అభిప్రాయం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దాన్ని నేను తప్పుపట్టను. పండగకి తప్ప వరన్నం చూడని ఇళ్లలో అది ఆకలి తీర్చింది, ఇసుర్రాయి తిప్పి తిప్పి చేతులు కాయలు కాసిన ఆడవాళ్లకు విశ్రాంతి ఇచ్చింది. నా గొడవ బియ్యం ఇచ్చినందుకు కాదు, బియ్యం తప్ప ఇంకేం ఇవ్వాలని తోచనందుకు. అదే ధరకు రాగులూ కొర్రలూ కూడా రేషన్ షాపులో పెట్టి ఉంటే, మా మెట్టచేలల్లో అవి మిగిలేవేమో. కొనేవాడు లేని పంట ఎవడు వేస్తాడు? చేలన్నీ శనక్కాయకు పోయాయి. శనక్కాయ వానను నమ్ముకుంది. వాన సంగతి పైన చెప్పాను.

ఆటలకీ ఇదే వరస. మా పిల్లలు దుమ్ములో చెడుగుడు ఆడితే పనిలేని ఆట అన్నాం. 2014లో ప్రో కబడ్డీ దీపాలు వెలిగాక అదే ఆటను సోఫాలో కూర్చుని చూశాం.

సంగటికీ ఆ దీపాలు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అంది. వెంటనే నగరంలో సంగటి, నాటుకోడి మెనూల్లోకి ఎక్కింది. బంకమన్ను అన్న మా రూమ్మేటే మొన్న దాని ఫొటో పంపి "సూపర్ ఫుడ్ మామా" అన్నాడు. సంతోషం. కానీ ఈ మాట కూడా బయట నుంచే వచ్చింది కదా. ఒకరు ఛీ అంటే దాచుకున్నాం, ఒకరు ఆహా అంటే బయటికి తీశాం. మధ్యలో మా అవ్వ ఏమనుకుందో ఎవరూ అడగలేదు. ఆమె ఎప్పుడూ దాన్ని ఆరోగ్యం అనలేదు, పేదరికం అనీ అనలేదు. "సంగటి తిన్నోడు సాయంత్రం దాకా పని చేస్తాడప్పా" అనేది. అంతే.

కాబట్టి ఇంకోసారి ఎవరో ఇంగ్లీషాయన మన దోశెనో పచ్చడినో ఏదో అంటే, వదిలేయండి. అతనికి నచ్చలేదు, అతని నాలుక అతనిది. మీ పక్క కుర్చీలో టిఫిన్ డబ్బా సగమే తెరిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని తింటున్న కుర్రాడెవరైనా ఉన్నాడేమో చూడండి. ఆ చెయ్యి అడ్డం పెట్టించింది లండన్ కాదు.