ఆ ఎర్ర కొక్కెం బరువు మోస్తుందా?

ఈమధ్య కొన్ని కార్ల ముందు బంపర్‌కి ఎర్రగానో, పసుపుగానో, నీలంగానో ఒక కొక్కెం కనిపిస్తోంది, గమనించారా? దాన్ని టో హుక్ అంటారు. కారు దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగడానికి పుట్టిన వస్తువు అది. కానీ షాపుల్లో అమ్ముతున్నవాటిలో ఒట్టి అందానికి తగిలించేవి కూడా ఉన్నాయి. అందానికే కదా, మగపిల్లల సరదా, మనకెందుకులే అని మనం పక్కకి తప్పుకుంటాం. తప్పుకోకూడదని నా అభిప్రాయం. ఆ కార్లో మనమూ కూర్చుంటాం, ఒక్కోసారి ఒంటరిగా నడుపుతాం కూడా.

మా ఇంట్లో ఈ చర్చ మా అబ్బాయి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక మొదలైంది. వాడు ఫోన్లో ఓ ఎర్రటి హుక్ బొమ్మ చూపించి, "అమ్మా, బంపర్‌కి ఇది పెట్టిస్తే స్పోర్ట్స్ కారులా ఉంటుంది" అన్నాడు. మా వారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "బండికి ముక్కుపుడకెందుకురా? ఆ డబ్బులు పెట్రోలుకి దాచుకో" అన్నారు. ఇంకేముంది, ఆ రాత్రి అన్నం దగ్గర ఇద్దరూ మాట్లాడుకోలేదు.

అలంకారం విషయంలో నేను మా వారి పక్షం కాదు. బండిని ముస్తాబు చేసుకోవడం మనకేమీ కొత్త కాదు. లారీలకి నల్ల జడలు, కుచ్చులు, కళ్ళ బొమ్మలు చూస్తూనే పెరిగాం. దసరాకి ఆయుధ పూజ చేసి స్కూటర్‌కి కూడా బంతిపూల దండ వేస్తాం. కష్టపడి కొనుక్కున్న వస్తువు మీద ముచ్చట పడటం తప్పయితే, మన బీరువాల్లో చీరల సంగతేంటి? నా అభ్యంతరం ముచ్చట మీద కాదు. ఆపదలో చెయ్యి వేసే చోట ఉత్తుత్తి వస్తువు పెట్టడం మీద.

అసలు ఈ రంగుల కొక్కెం ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే నా మాట అర్థమవుతుంది. ఇది రేసు కార్ల నుంచి వచ్చింది. రేసులో కారు అదుపు తప్పి పక్కనున్న గులకలో కూరుకుపోతే, సిబ్బంది పరుగున వచ్చి దాన్ని ట్రాక్ పక్కనుంచి లాగేయాలి. ఎక్కడ కట్టాలో వెతుక్కునే సమయం ఉండదు. అందుకే రేసు, ర్యాలీ కార్లకి ముందూ వెనకా టోయింగ్ కొక్కెం ఉండాలని, అది స్పష్టంగా కనబడాలని, పసుపు, ఎరుపు, నారింజల్లో ఏదో ఒక రంగు వేయాలని అంతర్జాతీయ మోటారు పోటీల సంస్థ ఎఫ్‌ఐఏ నియమాల్లోనే ఉంది. అది చూసి ముచ్చటపడి జపాన్‌లో, తర్వాత మిగతా దేశాల్లో కుర్రాళ్ళు మామూలు కార్లకీ పెట్టుకోవడం మొదలెట్టారు. అంటే ఆ రంగుకి ఒక అర్థం ఉంది: "తాడు ఇక్కడ కట్టండి." మరి బరువు మోయలేని వస్తువుకి ఆ రంగు వేస్తే అది అబద్ధం చెప్పినట్టే కదా!

కార్ డెకార్స్ షాపులో వీటిలో మూడు రకాలు చూశాం. ఒకటి, డబుల్ సైడ్ టేపుతోనో, రెండు చిన్న స్క్రూలతోనో బంపర్‌కి అతికించేది. బంపర్ అని మనం చూసేది పైన ఉండే ప్లాస్టిక్ తొడుగే. బరువు మోసే ఇనుప దూలం దాని వెనక ఉంటుంది. అతికించిన కొక్కేనికి తాడు కట్టి లాగితే ఆ తొడుగు ఊడి చేతికొస్తుంది. రెండోది, సీటు బెల్టులాంటి పట్టీ. దాని బలం అది ఎక్కడ బిగించారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మూడోది, బంపర్ లోపల కంపెనీ ఇచ్చిన మర రంధ్రంలోకే తిప్పి బిగించేది. వీటిలో కాస్త నయం ఇదే. అయితే అదీ మన కారు మరకి సరిగ్గా సరిపోవాలి, లోహం గట్టిదవ్వాలి. "అన్ని కార్లకీ సరిపోతుంది" అని రాసున్న డబ్బా చూసి నమ్మేయడమంటే, ఒకే కొలత జాకెట్టు అందరికీ పడుతుందని నమ్మడమే.

ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. వానాకాలం సాయంత్రం, హైవే పక్క బురదలో కారు దిగబడింది. మీరు, వెనక సీట్లో పిల్లలు. పాపం ఎవరో లారీ ఆయన ఆగి, "తాడుందమ్మా, లాగేస్తాను" అంటాడు. ఆయనకి ఎదురుగా ఎర్రగా కనబడేదేంటి? ఆ కొక్కెమే. అది అందానికి పెట్టిందని ఆయనకేం తెలుసు? గట్టిగా లాగినప్పుడు కొక్కెం తెగితే, బిగిసిన తాడుతో పాటు ఆ ముక్క రాయిలా ఎగిరొస్తుంది. సాయం చేయడానికి వచ్చిన మనిషికే దెబ్బ తగలొచ్చు. కారు బాగు చేయించుకోవచ్చు, ఆయన కన్ను పోతే ఎవరం తెచ్చివ్వగలం?

మన గుమ్మాన్నే చూడండి. గడపకి పసుపు రాస్తాం, ముగ్గు వేస్తాం, మామిడి తోరణం కడతాం. అంత అందం చేసినా, రాత్రి వేసుకునే గడియ మాత్రం ఇనుముదే. గడియ ఉండాల్సిన చోట గడియలాంటి బొమ్మ అతికించి నిద్రపోం. వన్ గ్రామ్ గోల్డ్ గాజులు పెళ్ళికి హాయిగా వేసుకెళ్తాం కానీ, అవసరానికి బ్యాంకులో పెట్టుకునే లెక్కలోకి వాటిని రానివ్వం. ఏది చూపుకి, ఏది ఆపదకి అన్న తేడా మనకి పుట్టింటి నుంచే వచ్చిన తెలివి. దాన్ని వంటింటి దగ్గరే ఎందుకు ఆపేయాలి?

ఇంకో సంగతి. బంపర్ దాటి ముందుకి పొడుచుకొచ్చే ఏ ఇనుమైనా, కార్లో కూర్చున్నవాళ్ళకంటే బయట నడిచేవాళ్ళకి ప్రమాదం. మన బజార్లలో పార్క్ చేసిన రెండు కార్ల మధ్యనుంచే కదా కూరల సంచులతో దూరిపోతాం! చీర కుచ్చిళ్ళు, చున్నీ, పసిపిల్లల మోకాళ్ళు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. కార్లకి ముందు బిగించే బుల్ బార్‌లని తీసేయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకి రాసింది కూడా పాదచారుల భద్రతని దృష్టిలో పెట్టుకునే. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం మీద మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కొక్కెం బుల్ బార్ అంత పెద్దది కాకపోవచ్చు, కానీ మోకాలికి తగిలే దెబ్బ పరిమాణం చూసి తగ్గదు.

అందుకే నేను మావాణ్ణి తిట్టలేదు, వద్దనీ అనలేదు. ఒక్కటే అడిగాను: "ఇది బరువు మోస్తుందా? లేకపోతే మోసేది ఎక్కడుంది?" వాడి దగ్గర జవాబు లేదు. ఇద్దరం డిక్కీ తెరిచాం. చాలా కార్లలో స్టెప్నీ పక్కన జాకీ, వీల్ పానాలతో పాటు ఒక ఇనుప రింగు ఉంటుంది, కింద మర ఉన్న కడ్డీతో. అసలు టో హుక్ అదే. మా కారులో జాకీ ఉంది, పానా ఉంది, రింగు లేదు! పాత యజమాని ఎక్కడ పారేసుకున్నాడో ఏమో. లేని ప్రాణానికి నగలు చేయించబోయామన్నమాట. మా వారు ఆ మాట వినగానే అలక మర్చిపోయి తనే చెప్పులేసుకున్నారు. తండ్రీ కొడుకులు కలిసి వెళ్ళి ఆ మోడల్‌కి సరిపోయే అసలు రింగు తెచ్చారు.

మావాడు దాని రింగుకే ఎర్ర రంగు వేసుకున్నాడు, మరకి అంటకుండా. అవసరమైనప్పుడు బిగిస్తాం, లేనప్పుడు డిక్కీలో ఉంటుంది. సరదా తీరింది, వస్తువూ నిజమైనదే.

మీరూ ఒకసారి చూసుకోండి. బంపర్ మీద చదరంగానో గుండ్రంగానో చిన్న మూత ఉంటుంది. స్క్రూ డ్రైవర్ కొసకి గుడ్డ చుట్టి, మూత పక్కనున్న గాడిలో పెట్టి మెల్లగా ఎత్తితే వస్తుంది. లోపలి రంధ్రంలో రింగుని చేత్తో తిప్పి, చివర్లో పానా కడ్డీ దూర్చి పూర్తిగా బిగించాలి. కొన్ని కార్లకి మర ఎడమవైపుకి తిరుగుతుంది, బలవంతం చేయకండి. కొన్నిటికి కింద శాశ్వతంగానే బిగించి ఉంటుంది, కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా రాసుంటుంది. లాగించుకునేటప్పుడు తాళం ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ అయిపోతుంది. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఆటోమేటిక్, ఎలక్ట్రిక్ కార్లని మాత్రం తాడుతో లాగించకండి, బండి మీదికి ఎక్కించి తీసుకెళ్ళేవాళ్ళనే పిలవండి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయొచ్చు.

పిల్లలు ఏదైనా ముచ్చటపడి అడిగితే "పిచ్చి ఖర్చు" అని కొట్టేయడం తేలిక, "సరేలే, నీ ఇష్టం" అనడం ఇంకా తేలిక. ఆ వస్తువు గురించి వాళ్ళకంటే ఒక ప్రశ్న ఎక్కువ అడగడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి. ఆ ఓపిక పెట్టడానికి మనకి కార్ల గురించి అన్నీ తెలిసి ఉండక్కర్లేదు. ఈ ఆదివారం మీ ఇంటి కారు డిక్కీ తెరిచి, ఆ రింగు ఉందో లేదో చూసి నాకూ చెప్పండి.