96 వచ్చాయిగా... ఇంకేం కావాలి?

మొన్న వేసవి సెలవుల్లో సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చానో లేదో, మా అబ్బాయి సెల్‌ఫోను పట్టుకుని వచ్చి పక్కన చేరాడు. పద్నాలుగేళ్లు వాడికి.

"అమ్మా! బాల్డర్స్ గేట్ 3 అని ఒక గేముంది. కొనిపెట్టవూ? కావాలంటే చూడు, దీనికి 96 వచ్చాయి!"

నూటికి 96! నేను జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. ఏటా స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లి కట్టలకు కట్టలు పేపర్లు దిద్దేదాన్ని. 96 అన్న మాట చెవిన పడగానే, నిజం చెప్పొద్దూ, చెయ్యి సగం దూరం పర్సు వైపు వెళ్లిపోయింది. మావారైతే పేపరు చాటు నుంచే "96 అంటే మంచిదే అయ్యుంటుందిలే, కొనెయ్" అని తీర్పు చెప్పేశారు.

ధర చూశాక మాత్రం చెయ్యి ఆగింది. మా ఇంటి నెల పాలబిల్లుకి పైనే ఉంది. అంత డబ్బు పెట్టేముందు ఆ మార్కులు ఎవరు వేశారో, దేనికి వేశారో చూద్దామని కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. కూర్చోవడం మంచిదే అయింది.

ఆ గేమ్ గొప్పదే, కాదనను. 2023లో బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ వాళ్లు తయారుచేశారు. మనం తీసుకునే నిర్ణయాన్ని బట్టి కథ మలుపులు తిరుగుతుంది. మొత్తం ఆడాలంటే వంద గంటల పైనే పట్టొచ్చు. ఆ ఏడాదికి పెద్ద పెద్ద అవార్డులన్నీ దానికే. కానీ యూరప్‌లో గేములు ఏ వయసువాళ్లకు తగినవో చెప్పడానికి వేసే 'పెగీ' ముద్ర ఒకటుంది. ఈ గేము మీద ఆ ముద్ర ఎంతో తెలుసా? 18! రక్తపాతం, శృంగారం... పెద్దవాళ్ల కోసం రాసుకున్న కథ అది. మావాడికి కాదు. ఆ 96 అబద్ధం కాదు. కానీ ఆ 96లో ఈ 18 ఎక్కడా కనబడదు!

అప్పటినుంచి ఈ మార్కుల గోల ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదల వచ్చింది. పిల్లల ఆటల గురించి మనకెందుకులే అనుకునే రోజులు కావివి. ఇంట్లో డబ్బు, పిల్లల సమయం, వాళ్ల మనసు... మూడూ అందులోకి పోతున్నప్పుడు మనకు కాకపోతే ఎవరికి?

2001లో మొదలైన మెటాక్రిటిక్ అనే సంస్థ ఈ లెక్కలు కడుతుంది. పత్రికల వాళ్లు, సమీక్షకులు ఒక్కో గేముకి ఇచ్చిన మార్కులన్నీ పోగుచేసి నూటికి ఇంత అని సరాసరి చెబుతుంది. 75 గానీ ఆపైన గానీ వస్తే ఆకుపచ్చ రంగు, 50 నుంచి 74 దాకా పసుపు, అంతకు తగ్గితే ఎరుపు. అన్ని పత్రికల మార్కులకూ ఒకే విలువ ఉండదు. కొందరి మాటకు బరువెక్కువ, కొందరిదానికి తక్కువ. ఎవరి బరువెంతో మాత్రం బయటపెట్టరు. జపాన్‌లో ఫామిట్సు అనే పత్రిక పద్ధతి వేరు. నలుగురు సమీక్షకులు తలా పదికి వేస్తే మొత్తం 40. ఆ 40కి 40 మొట్టమొదట తెచ్చుకున్నది 1998లో వచ్చిన 'జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్'.

ఇదంతా చదువుతుంటే మా వాల్యుయేషన్ క్యాంపే గుర్తొచ్చింది. పొద్దున కాఫీ తాగి హాయిగా కూర్చుని దిద్దిన పేపరుకీ, మధ్యాహ్నం మూడింటికి ఉక్కపోతలో ముప్ఫయ్యో పేపరుగా దిద్దినదానికీ ఒకటి రెండు మార్కులు తేడా రాదని గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలమా? దిద్దేవాళ్లం మనుషులం. కానీ మెమో మీద అంకె పడ్డాక అది దేవుడు రాసినట్టే!

ఆ ఒక్క మార్కు ఏం చేస్తుందో చూడండి. 2010లో 'ఫాల్అవుట్: న్యూ వెగాస్' అని ఒక గేమ్ వచ్చింది. తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ ఇస్తామని ఒప్పందం. వచ్చింది 84! బోనస్ రాలేదు. ఈ సంగతిని ఆ సంస్థలోని క్రిస్ అవెలోన్ 2012లో స్వయంగా బయటపెట్టారు. ఇన్నేళ్లయినా ఆ గేముని ఇష్టంగా ఆడేవాళ్లున్నారు. ఏం లాభం? ఒక్క మార్కులో సీటు పోగొట్టుకున్న పిల్ల తల్లిని అడిగితే ఆ బాధేమిటో చెబుతుంది.

పోనీ, మార్కులు వేసేవాళ్లకైనా స్వేచ్ఛ ఉందా అంటే... 2007లో గేమ్‌స్పాట్ అనే సంస్థలో జెఫ్ గెర్స్‌ట్‌మన్ అనే సమీక్షకుడు 'కేన్ అండ్ లించ్' అనే గేముకి పదికి 6 వేశాడు. అదే గేము ప్రకటనలు అప్పుడు ఆ సంస్థ పేజీల నిండా ఉన్నాయి. కొద్దిరోజులకే అతని ఉద్యోగం పోయింది. ప్రకటనల వాళ్లనుంచి వచ్చిన ఒత్తిడే కారణమని 2012లో ఆయనే చెప్పాడు.

మరి 2020 డిసెంబర్‌లో వచ్చిన 'సైబర్‌పంక్ 2077' కథ ఇంకో రకం. విడుదలకు ముందు సమీక్షకుల చేతికి కంప్యూటర్ మీద ఆడే కాపీ మాత్రమే ఇచ్చారు. అందులో బాగానే ఉంది, మార్కులు 90 దరిదాపుల్లో పడ్డాయి. ఆ మార్కులు చూసి పాత ప్లేస్టేషన్ 4 మీద ఆడదామని కొనుక్కున్నవాళ్ల గతేమిటి? అడుగడుగునా ఆగిపోవడం, తప్పులు. వారం తిరిగేసరికి సోనీ తన దుకాణంలోంచి దాన్ని తీసేసింది, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిస్తామంది. పెళ్లిచూపుల్లో బొబ్బట్లు తిని వచ్చి, ఆ ఇంట్లో రోజూ వంట బాగుంటుందని చెప్పినట్టుంది ఆ మార్కుల వ్యవహారం! తర్వాత మూడేళ్లు కష్టపడి ఆ గేముని చాలా బాగుచేశారు. కానీ మెటాక్రిటిక్ ఒక పత్రిక మొదట వేసిన మార్కునే తీసుకుంటుంది, మార్చదు. మన ఇంటర్ పిల్లలకు ఇంప్రూవ్‌మెంటైనా ఉంది, ఈ గేములకు అదీ లేదు.

ఇక ఆడవాళ్ల సంగతికొద్దాం. 2013లో 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5' వచ్చింది. సరాసరి 97. గేమ్‌స్పాట్‌లో కరోలిన్ పెటిట్ అనే ఆమె దాన్ని సమీక్షిస్తూ ఎంతో మెచ్చుకుంది. పదికి 9 వేసింది. అయితే ఆడవాళ్లను చూపించిన తీరు అవమానకరంగా ఉందని కూడా రాసింది. అంతే! ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యమంటూ 20 వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. పదికి 9 వేసినందుకమ్మా! తగ్గిన ఆ ఒక్క మార్కు వాళ్లకంత కోపం తెప్పించిందా, లేక ఒక ఆడమనిషి "ఇక్కడ నాకు కష్టంగా ఉంది" అనడమా? మీరే చెప్పండి.

ఇంకొకటి. 2020 జూన్‌లో 'ద లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 2' వచ్చింది. కథ నడిపించేది ఇద్దరు ఆడపిల్లలు, ఎల్లీ, ఆబీ. విమర్శకుల సరాసరి 93. మామూలు జనం వేసే మార్కులు మాత్రం మొదటి రోజుల్లో పదికి 4 కూడా లేవు. నచ్చకపోవడం తప్పు కాదు, కథ నచ్చనివాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ పూర్తి చెయ్యడానికి ఇరవై గంటల పైన పట్టే గేముకి విడుదలైన కొద్దిగంటల్లోనే సున్నాలు కుప్పలుగా వచ్చి పడ్డాయంటే, పేపరు విప్పకుండానే మార్కులు వేసినట్టు కాదూ? ఆ తర్వాతే మెటాక్రిటిక్ విడుదలైన 36 గంటల దాకా జనం మార్కులు వెయ్యకూడదని నియమం పెట్టింది.

మా కాలేజీలో ఒక కొలీగ్ అంది, "అన్ని రివ్యూలు చదివే తీరిక ఎవరికుందండీ? బస్సు దిగి, కూర తరిగి, పిల్లల యూనిఫాం ఇస్త్రీ చేసేసరికే పదవుతుంది. అంకె ఉంటే ఒక్క చూపుతో తెలుస్తుంది కదా!" అని. ఆమె మాటలో న్యాయముంది. యూరోగేమర్ అనే పత్రిక 2015లో పదికి మార్కులు వెయ్యడం మానేసింది. మళ్లీ 2023లో నక్షత్రాలకు దిగక తప్పలేదు. అంకె అక్కర్లేదని నేనూ అనను. ముప్ఫై వస్తే ఎందుకొచ్చిందా అని ఆగుతాం కదా. కానీ అంకె గుమ్మం లాంటిది. గుమ్మం చూసి ఇల్లు కొనేస్తామా?

నేనిప్పుడు చేసే పని ఇది. ముందు వయసు ముద్ర చూస్తాను. మొబైల్ గేమైతే ప్లే స్టోర్‌లోనే 3+, 7+, 12+, 16+, 18+ అని ఉంటుంది. తర్వాత, ఆట మధ్యలో డబ్బు అడుగుతుందా అని చూస్తాను. ఉచితం అన్నవే ఎక్కువగా అడుగుతాయి. ఆఖర్న రెండు రివ్యూలు చదువుతాను, ఒకటి బాగా మెచ్చుకున్నది, ఒకటి తిట్టింది. పావుగంట పని. చీర కొనేటప్పుడు రంగు పోతుందా, కొంగు ఎలా ఉంది, జాకెట్టు ముక్క ఉందా అని అరగంట చూసేవాళ్లం, పిల్లల కోసం ఈ పావుగంట చూడలేమా?

అలా వెతుకుతుంటేనే నాకు 'వెన్బా' దొరికింది. 2023లో టొరంటోలోని విసాయ్ గేమ్స్ అనే చిన్న సంస్థ చేసింది. 1980లలో కెనడా వెళ్లి స్థిరపడ్డ ఒక తమిళ కుటుంబం కథ. ఆటంతా వంటే! అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. పోయిన వాక్యాలను మనమే ఊహించుకుంటూ ఇడ్లీ, బిర్యానీ చెయ్యాలి. ఆమె కొడుకు పెరిగేకొద్దీ అమ్మ భాషకీ, అమ్మ వంటకీ దూరమవుతాడు. దీనికి సరాసరి 80కి అటూ ఇటూ. గంటన్నరలో అయిపోతుంది, నిడివి చాలదు అని కొందరు తక్కువ వేశారు. తర్వాత 2024లో బ్రిటన్ బాఫ్టా వాళ్లు తొలి ప్రయత్నానికిచ్చే అవార్డు దానికే ఇచ్చారనుకోండి.

96 వచ్చింది కొనలేదని ముఖం ముడుచుకున్న మావాడు, "80దా?" అని పెదవి విరిచాడు. ఆదివారం పూట ఇద్దరం కూర్చుని ఆడాం. ఆవిరి అందరికీ... అదే, అన్ని ఇడ్లీలకూ అందేలా రేకులు ఎలా పేర్చాలో వాడికి తెలియలేదు. నన్ను అడిగాడు. పదేళ్లుగా వారానికి మూడుసార్లు నేను ఇడ్లీ వేస్తున్నా, మావాడు రేకుల వంక చూడటం అదే మొదలు. ఆట అయ్యాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "అమ్మమ్మ రాసిన వంటల నోటుబుక్కు మనింట్లో ఉందా?" అన్నాడు. ఉంది. తీసిచ్చాను. మావాడు ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. మా అమ్మ గొలుసుకట్టు రాత అసలు చదవలేకపోయాడు. పక్కన కూర్చుని గోంగూర పచ్చడి దాకా చదివి వినిపించాను. గంటన్నర ఆటకు ఎన్ని మార్కులు వెయ్యాలండీ?

ఆ ఊపులో మావాడికి క్లాసు తీసుకున్నాను, మార్కులే సర్వస్వం కాదురా, లోపల ఏముందో చూడాలి అని. వాడు విన్నంతసేపు విని, "మరి నువ్వు? నేను ప్రోగ్రెస్ రిపోర్టు తెస్తే ముందు టోటలేగా చూసేది!" అన్నాడు.

నా నోట మాట లేదు. రాత్రి అందరూ పడుకున్నాక బీరువాలోంచి వాడి పాత రిపోర్టు తీశాను. తెలుగులో 61. ఆ రోజు ఆ అంకె చూసి, తెలుగు లెక్చరర్ కొడుకువై ఉండి ఇదేమిట్రా అని వాణ్ని రెండు రోజులు సాధించాను. అదే కాగితం అడుగున వాళ్ల టీచరుగారి చేతిరాత ఒకటుంది. "అక్షరదోషాలున్నాయి. కానీ తాతగారి ఊరి గురించి సొంత మాటల్లో చక్కగా రాశాడు." ఏడు నెలలనుంచి ఆ మాట బీరువాలో ఉంది. నేను సంతకం చేసింది దాని కిందే. చదవలేదు.

మర్నాడు పొద్దున్నే వాణ్ని అడిగాను, "తాతగారి ఊరి గురించి ఏం రాశావురా?" అని. బడి బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.