రద్దయింది ఎవరి ఓటు?

"ప్రభుత్వాన్ని రద్దు చేశారు" అని తేలిగ్గా అనేస్తాం. మంత్రులను దించడం వేరు, శాసనసభను రద్దు చేయడం వేరు. మంత్రులు పోతే కొత్తవాళ్ళు వస్తారు. సభే పోతే, ఈ తిరువొత్తియూరులో బడికి తెలుగు పంతులుగారిని వేయండని అర్జీ పెట్టుకోవడానికైనా శాసనసభ్యుడుండడు. మనకీ ముచ్చట నాలుగుసార్లు తీరింది: 1976, 1980, 1988, 1991.

1991 జనవరి 30 సంగతి మరీ ఘోరం. గవర్నరు బర్నాలా నివేదిక పంపనన్నారు. అయినా కేంద్రంలోని చంద్రశేఖర్ ప్రభుత్వం ఆగలేదు. 356వ అధికరణంలో గవర్నరు నివేదిక వల్ల 'లేక మరో విధంగా' అని ఒక మాట ఉంది. ఆ సందులోంచి దూరి కరుణానిధి ప్రభుత్వాన్ని, సభను ఒక్క దెబ్బన తీసేశారు. రెండేళ్ళనాడు మనం వేసిన ఓటు గంగలో కలిసింది.

1984 ఆగస్టులో రామారావుగారిని దించితే నెల తిరిగేసరికి మళ్ళీ గద్దెనెక్కారు. జనం వీధికెక్కారు, నిజమే. కాని బలం లెక్కపెట్టడానికి సభ మిగిలి ఉంది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే: బలం సభలోనే తేలాలి, పార్లమెంటు ఆమోదించేదాకా సభను రద్దు చేయరాదు.

అయితే ఆ రామారావుగారే తరువాత తన సభను రద్దు చేయించి 1985లో ఎన్నికలకు వెళ్ళారు. 2018 సెప్టెంబరు 6న తెలంగాణలో చంద్రశేఖరరావుగారూ తొమ్మిది నెలల గడువుండగానే అదే పని చేశారు. ఇద్దరూ గెలిచారు. చట్టమూ ఒప్పుకుంటుంది. కాని అయ్యా, సభ అధికారపక్షం సొంత ఇల్లా? ప్రతిపక్షం వాళ్ళను పంపిందీ ఓటర్లే కదా, వాళ్ళనెవరు అడిగారు?